కొల్లేటి గట్టున వాన కబురు – కూలోళ్ల లెక్క

ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చే రోజుల్లో కొల్లేటి చుట్టుపక్కల ఏ ఊరు పోయినా పొద్దున్నే ఒకటే మాట వినపడుతుంది. "ఏమన్నాడంట?" అన్నవాడెవడో వేరే చెప్పక్కర్లేదు. వాతావరణ శాఖ వాడు. ఆసామి సెల్‌ఫోను చూసి తెలుసుకుంటాడు. ముఠా మేస్త్రి ఆసామిని అడిగి తెలుసుకుంటాడు. కూలికెళ్లే ఆడవాళ్లు, మగవాళ్లు మేస్త్రి చెప్పినదాన్ని బట్టి క్యారేజీ సర్దుకోవాలో మానాలో తేల్చుకుంటారు. అలా మూడు చేతులు మారి మన గుమ్మంలోకొచ్చేసరికి ఆ కబురులో "రేపు పని లేదు" అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది.

వారం వాన కబురు కూలోడికి కూడా డబ్బు కబురే. అది ముందుగా తెలిసిన వాడు బేరం ఆడతాడు, తెలియని వాడు ఒప్పుకుంటాడు. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు, మా ఊళ్లోనే తెలిసొచ్చింది.

2025 అక్టోబరు 26, ఆదివారం. మొంథా తుపాను 28 సాయంత్రం, రాత్రి ప్రాంతంలో తీరం దాటుతుందని అప్పటికే రేడియోలో, టీవీలో చెబుతున్నారు. ఆ రోజు ఒక ఆసామి మేస్త్రిని పిలిపించాడు. ఆయన చేను కాస్త ముందు నాటింది, కోతకొచ్చింది. "ఒరే అబ్బాయ్, రేపు దీపాలేళకల్లా కోసి గట్టుకి చేర్చేయాలి, మనుషుల్ని ఎక్కువ పెట్టు" అన్నాడు. రేటు మాట ఎత్తలేదు, మేస్త్రీ అడగలేదు. ఎప్పటి గుత్తే అనుకున్నారు. రెండు రోజుల పని ఒక్క రోజులో లాగారు. చీకటి పడ్డాక బండి లైటు వెలుగులో పనలు మోశారు. "ఇంత తొందరేంటండీ?" అని ఒక పెద్దమ్మ అడిగితే "ముసురు పట్టేలా ఉందిలే" అన్నాడట. తుపాను అనలేదు.

28 అర్ధరాత్రి దరిదాపుల్లో తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మిగిలిన చేలు పడిపోయాయి. ఆ తరువాత వారం పైన ఎవరికీ పని లేదు. నీళ్లు తీశాక మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి పడిపోయిన చేను. కోత మిషను దిగితే కూరుకుపోతుంది, దిగినా నేలకు కరుచుకున్న కంకిని అందుకోలేదు. మోకాలి లోతు బురదలో వంగి, ఒక్కొక్క మొదలూ ఎత్తి పట్టుకుని కోయాలి. నిలబడ్డ చేను ఎకరం కోసే మనుషులు పడ్డ చేను అర ఎకరం కోస్తే గొప్ప. దానికీ పాత గుత్తే ఇస్తామన్నారు. సంఘం తరఫున మేం నలుగురం పోయి కూచుంటే, రెండు పూటలు వాదన పడితే, కొంత పెరిగింది. అప్పుడు ఆ పెద్దమ్మ నాతో అన్న మాట ఇది: "తమ్ముడూ, ఇప్పుడొచ్చి అడిగారు గాని, ఆదివారం నాడే మాకు సెప్పుంటే ఆ రోజే అడిగేవోళ్లం గదా." నాకు సమాధానం లేదు. తుపాను వస్తోందని నాకూ తెలుసు. మా వాళ్ల ఫోన్లకూ హెచ్చరిక వచ్చింది. అది రేటు మాట అని మాత్రం ఎవరికీ తోచలేదు.

అందుకని ఆ కబుర్ని మనమే ఎలా చదువుకోవాలో రాస్తున్నాను.

వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రైతుల కోసం ఒక సూచన ఇస్తాయి. రాబోయే అయిదు రోజులకు వాన ఎన్ని మిల్లీమీటర్లు, ఎండ ఎంత, గాలి ఏ దిక్కునుంచి ఎంత వేగం, మబ్బు ఎంత, తేమ ఎంత అని అందులో ఉంటుంది. దాని కింద సలహా. కోత వాయిదా వేసుకోండి. కోసిన పనలుంటే కుప్ప వేసి కప్పండి. చేలో నీరు కాలవలోకి తీసేయండి. తడిసిన పనల మీద గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లండి. పురుగుమందు కొట్టడం ఆపండి. ఇవన్నీ మంచి సలహాలే. ఉప్పునీళ్లు చల్లితే గింజ నిలవడం నేను కళ్లారా చూశాను. అయితే ఆ కుప్ప వేసేదెవరు? నీళ్లు తీసేదెవరు? ఆ వాయిదా పడ్డ రోజుల్లో ఎవరి పొయ్యి ఆరుతుంది? అది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జిల్లా స్థాయిలో ఈ సలహాలు తయారుచేయడానికి దేశంలో 199 కేంద్రాలు కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టారు. 2024లో వాటిని మూసేశారు. కాగితం పైనుంచి వస్తుంది గాని, పొలం గట్టు దిగి చూసి రాసే మనిషి తగ్గాడు.

ఇక మాటల అర్థం. భారీ వర్షం అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటడం. 115.6 దాటితే అతి భారీ. 204.5 నుంచి అత్యంత భారీ. మిల్లీమీటరు అంటే మనకు పట్టదు గాని, ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు. భారీ వర్షం మొదటి మెట్టుకే ఎకరంలో రెండున్నర లక్షల లీటర్లు నిలుస్తాయి. పసుపు రంగు హెచ్చరిక అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే కదలమని.

అన్నిటికన్నా మోసం చేసే మాట "ఒకటి రెండు చోట్ల". అది విని మనదాకా రాదులే అనుకుంటాం. వాళ్ల లెక్కలో దాని అర్థం, వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. నాలుగు ఊళ్లలో ఒక ఊరు అన్నమాట. ఆ ఒక్కటీ మనదే కావచ్చు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "అనేక చోట్ల" అంటే ముప్పాతిక దాకా. రోజు లెక్క కూడా మనది కాదు. వాళ్ల రోజు పొద్దున ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. మంగళవారం వాన అని రాస్తే అది బుధవారం తెల్లవారుజామున, మనం కొడవలి పట్టుకుని బయలుదేరే వేళకు కూడా పడొచ్చు. ఇది తెలీక "నిన్న పడుద్దన్నాడు, పళ్లేదు" అని నవ్వుకుంటూ చేలోకి పోయి తడిసి వచ్చిన రోజులున్నాయి మాకు.

సముద్రం సంగతి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, అప్పుడే పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను. పేరు పెట్టనంతవరకు మనవాళ్లు పట్టించుకోరు. నా అనుభవంలో పేరున్న తుపాను ఒక రాత్రి ఊపి పోతుంది. పేరులేని అల్పపీడనం కదలకుండా కూచుని నాలుగు రోజులు ముసురు పట్టిస్తే కూలోడికి అదే ఎక్కువ నష్టం. దానికి శిబిరం ఉండదు, నష్టం లెక్కలుండవు, పేపర్లో ఫొటో ఉండదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడుతుంది అంతే.

ఇంతవరకు చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. కొల్లేటి గట్టున ఉన్నవాడికి ఇది సగమే. మన మీద పడే వాన ఒకటి, మన మీదికి వచ్చే వాన ఇంకొకటి. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పళ్లెం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి గాక ఎన్నో మురుగు కాలవలు, అన్నీ ఇందులోకే. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. 60 కిలోమీటర్ల పైన మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన అయిదో కాంటూరు లోపలి కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక టీఎంసీ పైచిలుకు. ఉప్పుటేరులో పది వేల క్యూసెక్కులు ఆగకుండా కదిలినా ఆ నీళ్లు పోవడానికి 30 గంటలు. ఇది నెత్తిన పడ్డదే. మైలవరం కొండల్లో, చింతలపూడి మెరకల్లో, ఖమ్మం జిల్లా వైపు పడ్డది వేరు.

2024 సెప్టెంబరు మరిచిపోయామా? ఆగస్టు 31న ఎగువన కుంభవృష్టి పడింది. సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు జనాన్ని ముంచింది. దేశమంతా విజయవాడను చూసింది, చూడాల్సిందే. ఆ నీళ్లు తరువాత ఎటు పోతాయని అడిగినవాళ్లు తక్కువ. ఇటే వచ్చాయి. మా నెత్తి మీద ఎండ కాస్తుండగా నీటిమట్టం పెరిగింది, లంక గ్రామాల రోడ్లు మునిగాయి, మనుషులు దోనెల మీద తిరిగారు. ఆ వారం మా మండలం వాన సూచన ఒక్కటే చూసుకున్నవాడికి ఏ ప్రమాదమూ కనపడదు.

అది అమావాస్య వారం కూడా. సెప్టెంబరు 2న అమావాస్య. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రం పోటు ఎక్కువని వలేసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పోటు ఎక్కినప్పుడు ఉప్పుటేరు నీటిని సముద్రం తోసిపట్టి ఉంచుతుంది. మొంథా వచ్చినప్పుడు సప్తమి దగ్గర, పోటు బలం తక్కువ రోజులు. అది మన అదృష్టం. ఇదే కార్తీక పౌర్ణమి నాడు పడి, ఎగువన కూడా కుండపోత పడితే ఏమవుతుందో ఊహించుకోండి. కాబట్టి కొల్లేటి వాడు వాన కబురు చూసేటప్పుడు మూడు చూడాలి. మన మండలంలో ఎంత, ఎగువన ఎంత, క్యాలెండరులో తిథి ఏంటి. ఎగువన పడ్డ వాన మన గట్టు తాకడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులే మనకున్న వ్యవధి. గుర్రపుడెక్క పేరుకుపోయి, అడ్డంగా గట్లు పోసి ఉన్న కాలవల్లో అది ఇంకా అటూ ఇటూ అవుతుంది.

జిల్లా పేరు మీద చెప్పే సూచనతో కూడా జాగ్రత్త. 2022లో జిల్లాలు విడగొట్టాక కొల్లేరు గట్టు రెండు జిల్లాల కిందికి వస్తుంది. కైకలూరు, మండవల్లి వైపు ఏలూరు జిల్లాలోకి, ఆకివీడు వైపు పశ్చిమ గోదావరిలోకి. ఏలూరు జిల్లాకు భారీ వర్షం అంటే అది ఏజెన్సీ అడవుల్లోనా, మెరక మీదా, మన పల్లంలోనా? మండలం వారీ లెక్క కూడా ఇస్తున్నారు, అది అడిగి చూడాలి. మెరక మీద అయినా ఊరుకోవద్దు, ఎందుకో పైన చెప్పాను.

చేపల చెరువుల మీద బతికే మన వాళ్ల సంగతి ఎక్కువమంది రాయరు. 2006లో అభయారణ్యం లోపలి గట్లు కొట్టేసినప్పుడు పని పోయినవాళ్లలో చాలామంది ఈ వేళ చుట్టుపక్కల మండలాల చెరువుల మీద కాపలాకి, పట్టుబడికి ఉన్నారు. మబ్బు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే నీళ్లలో పచ్చనాచుకు వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారుజామున బొచ్చె, శీలావతి నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు కాపలావాడు లేచి ఏరియేటర్లు తిప్పాలి. వానలో, చీకట్లో, తడి గట్టు మీద, జాయింట్లు వేసిన కరెంటు తీగల మధ్య. సూచనలో "ఆకాశం మేఘావృతం" అన్న చిన్న మాట ఆసామికి మేత తగ్గించమని చెబుతుంది. కాపలావాడికి రాత్రి నిద్ర లేదని, ప్రాణం జాగ్రత్త అని చెబుతుంది. ఆ రాత్రులకు అదనపు కూలి అడగడం తప్పు కాదు. చెరువు మీదికి వెళ్లే ముందే తీగలు సరిచేయించమనడం, రబ్బరు బూట్లు అడగడం అంతకన్నా తప్పు కాదు. తుపాను అనగానే పట్టుబడి హడావిడి కూడా పెరుగుతుంది. ఉరుము వినపడితే వల వదిలి నీళ్లలోంచి బయటికి రావాలి. మెరుపు కనపడ్డాక ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మన దగ్గర్లోనే ఉంది. చెట్టు కిందికి పోవద్దు. చేప ఎంత ఖరీదైనా సరే.

మరి ఏం చేయాలి అంటారు. మొదటిది, కోత బేరం సూచన చూసుకుని ఆడాలి. రెండు రోజుల్లో వాన ఉందంటే ఆ రెండు రోజులు మన చేతికి విలువ ఎక్కువ. ఇది ఆసామిని పీడించడం కాదు. చిన్న రైతు, కౌలుదారు కూడా అదే వానకు భయపడుతున్నాడు. కౌలువాడి పరిస్థితి ఇంకా ఘోరం. 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం ఉండాలి, అది దొరకదు, పంట పోతే సాయం యజమాని పేరున పడుతుంది. అలాంటి వాడి దగ్గర మాట వేరు, యాభై ఎకరాల వాడి దగ్గర మాట వేరు. మా సంఘంలోనే దీనిమీద గొడవ పడ్డాం. చిన్నవాడి చేను ముందు కోద్దామని, పాత రేటుకే కోద్దామని నేనంటే, "నీకేం, నువ్వు కోస్తావా?" అని ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆఖరికి రెండెకరాల లోపు వాడికి పాత రేటు, పైవాళ్లకు వేరు అని ఒప్పందం కుదిరింది. పడ్డ చేనుకు రేటు మాత్రం పడకముందే, కార్తె మొదట్లోనే, అందరి ముందూ తేల్చుకోవాలి. పడ్డాక ఆకలి మన నోరు మూయిస్తుంది.

రెండోది, పోయిన పనిదినాలు రాసిపెట్టుకోవాలి. పంట నష్టం రాయడానికి ఉద్యోగులు వస్తారు, ఎకరాలు రాసుకుంటారు, ఇళ్లు కూలితే రాసుకుంటారు. ఎకరం లేని వాడికి, ఇల్లు కూలని వాడికి ఏం నష్టం జరిగిందో అడిగే కాగితం వాళ్ల దగ్గర ఉండదు. ఒక విషయం మన కార్యకర్తలు కూడా చాలామంది చూడలేదు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి ఖర్చుకు కేంద్రం 2022-26 సంవత్సరాలకు ఇచ్చిన నిబంధనల్లో, విపత్తు వల్ల బతుకుతెరువు తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు సాయం అని ఒక పద్దు ఉంది. కుటుంబంలో ఇద్దరు పెద్దలకు మించకుండా, సహాయ శిబిరాల్లో లేనివాళ్లకు, ఉపాధి హామీ రోజుకూలి లెక్కన, మామూలుగా 30 రోజుల వరకు. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం తేల్చాలి. అడిగేవాడు లేకపోతే ఎవరు తేలుస్తారు? అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఏ తేదీన ఎవరికి పని పోయింది, ఎవరి ముఠా, ఎన్ని రోజులు. మొంథా అప్పుడు మా దగ్గర ఆ లెక్క లేదు. వినతిపత్రం పట్టుకుని పోతే "ఎన్ని కుటుంబాలు, ఎన్ని రోజులు?" అని అడిగారు. "చాలా" అన్నాం. ఆ "చాలా" అనే మాటతో తిరిగొచ్చాం.

లంక ఊళ్లలో ఉన్నవాళ్లు నారింజ రంగు కనపడగానే రేషను డిపో ముందే తెరిపించమని అడగాలి. నీళ్లొచ్చాక దోనె మీద బియ్యం తెచ్చుకోవడం కన్నా రెండు రోజుల ముందు నెత్తిన పెట్టుకు రావడం తేలిక. నెలలు నిండిన ఆడవాళ్లను ఆ రోజే రోడ్డు ఉన్న ఊరికి చేర్చాలి. బరకాలు ధాన్యం రాశులకే గాని మన పాకలకు దొరకవు. తుపాను రేపనగా దుకాణంలో ధర ఎంత చెబుతాడో మీకు నేను చెప్పక్కర్లేదు. సంఘం డబ్బుతో ముందే పది కొని పెట్టుకుంటే సరి.

పెద్దవాళ్లు గాలి వాసన చూసి, తూనీగలు ఎగరడం చూసి వాన చెబుతారు. నేను దాన్ని వెటకారం చేయను. మా ఊళ్లో ఒక తాత తూర్పుగాలి తిరగ్గానే వల తీసేస్తాడు, చాలాసార్లు నిజమైంది కూడా. అయితే ఆయన చూసేది మన ఆకాశమే. బుడమేరు పుట్టే చోట మబ్బు ఆయనకు కనపడదు.

ఇప్పుడు మా ఊళ్లో రేషను డిపో గోడకు ఒక నల్లబల్ల కొట్టాం. మంగళవారం, శుక్రవారం సాయంత్రం పదో తరగతి చదివే పిల్ల ఒకతె దాని మీద రాస్తుంది. మండలంలో వాన, ఎగువన వాన, గాలి, తిథి. మొదట్లో ఈ నాలుగే ఉండేవి. పోయిన నెల ముఠా ఆడవాళ్లు పట్టుబట్టి అయిదో గడి గీయించారు, "ఈ వారం కోత రేటు" అని. ఒక రోజు పొద్దున చూస్తే ఆ గడి ఒక్కటి ఎవరో తుడిచేశారు. సాయంత్రం ఆ పిల్ల మళ్లీ రాసింది, ఈసారి పెద్ద అక్షరాలతో.